దాలమ్మ భుజానికి చాలినంత గోడ

గుల్లలపాడులో ఏ ఇంట్లో నిలబడినా చేయి సాంతం పైకెత్తడానికి లేదు, తాటాకు తగులుతుంది. సముద్రం గాలికి ఎగిరిపోకుండా కప్పు కిందికి దించి కట్టుకుంటారు మరి. గోడలు మెడదాకా వచ్చి ఆగిపోతాయి. అరవై నాలుగేళ్లలో దాలమ్మకు అది లోటని ఎన్నడూ తోచలేదు. రెండు వేల సంవత్సరం మాఘమాసంలో మొట్టమొదటిసారి, తన ఇంటి గోడ పొట్టిదని ఆవిడకు కోపమొచ్చింది.

దాలమ్మ చేపలమ్మిన మనిషి. నలభై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని వజ్రపుకొత్తూరు దాకా నడిచి, అక్కణ్ణుంచి బస్సులో పలాస వెళ్లి, జీడిపప్పు ఒలిచేవాళ్ల వీధుల్లో అమ్ముకుని వచ్చేది. చేపతో పాటు కబురు కూడా ఇచ్చిపుచ్చుకునేది. ఏ ఇంట్లో కోడలు నీళ్లోసుకుంది, ఏ ఇంట్లో పప్పు మాడింది, ఎవరి కుక్క ఎవరిని కరిచింది, అన్నీ కావాలి ఆవిడకి. అడిగితే తప్పేముంది, చెప్పకపోతే వాళ్లిష్టం, అనేది. చెప్పనివాళ్లు మాత్రం ఆ నలభై ఏళ్లలో ఒక్కరూ తగల్లేదు.

తొంభై తొమ్మిది ఆశ్వయుజంలో తుఫాను వచ్చి వెళ్లిన నాలుగో రోజున, కూలిపోయిన కొబ్బరిచెట్టును దాటబోయి కుడిభుజం మీద పడింది. పొరుగూళ్లో కట్టు కట్టేవాడు వచ్చి చూసి, ఎముక విరగలేదు, ఇరవై రోజులుంచి విప్పేయమన్నాడు. ఇరవై రోజులు మంచిదైతే రెండున్నర నెలలు ఇంకా మంచిది కదా అనుకుంది దాలమ్మ. పుష్యమాసంలో కట్టు విప్పేసరికి చేయి ఛాతీదాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. చెవిని అందుకోలేదు. కొప్పు ముడవాలంటే కోడలు తిరుమల రావాలి. పలాస గంప కూడా తిరుమల నెత్తికే వెళ్లింది.

కొప్పు సంగతి, గంప సంగతి సర్దుకుంది దాలమ్మ. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది. ఆ ఊళ్లో మూడేళ్లకోసారి చైత్ర పున్నమికి అమ్మవారి సంబరం. ఇంటింటి నుంచీ ఆ ఇంటి పెద్ద ఆడమనిషి ముర్రాట ఎత్తుకుని, డప్పుల వెంట గుడికి వెళ్లాలి. ముర్రాట అంటే కొత్తకుండ నిండా పసుపునీళ్లు, మూతి చుట్టూ వేపమండలు. గుమ్మం ముందు నేల మీదున్న ఆ కుండను ఆ మనిషే తన రెండు చేతులతో తలమీదికి ఎత్తుకోవాలి. ఎవరూ చేయి సాయం పట్టకూడదు. ఎత్తలేకపోతే కోడలు ఎత్తుతుంది, ఆ పైన అది కోడలిదే. మళ్లీ వెనక్కి రాదు. దాలమ్మ చేతికి ఆ కుండ వచ్చి ఇరవై ఏడేళ్లు. తొమ్మిదిసార్లు ఎత్తింది. ఈ చైత్రానికి పదోసారి.

"నాకొద్దత్తా," అని తిరుమల ముందే చెప్పేసింది. "గంపంటే మొయ్యగలను గానీ ఆ కుండ సూత్తేనే కాల్లు వణుకుతాయి. ఊరంతా నన్నే సూత్తారు. నువ్వేటి సేసుకుంటావో సేసుకో, నువ్వే ఎత్తు."

"నానెత్తనన్నానేటి? ఈ సెయ్యే ఎత్తనంటన్నాది," అంది దాలమ్మ.

మంగళవారం మంగళవారం ఊళ్లోకి వచ్చే నర్సమ్మ జయశ్రీ ఆ మాట విని, దాలమ్మను టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు చేయి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, కీలు బిగుసుకుపోయిందన్నాడు.

"బిగిసిపోడమంటే, తలుపు బందుకి తుప్పు పట్టినట్టా బాబూ?"

"అలాంటిదే అనుకో అమ్మా."

"మరి నూనె లోపలికెలా ఎల్తాది?"

డాక్టరు నవ్వి, నూనె అక్కర్లేదు, గోడకెదురుగా నిలబడి వేళ్లను పీతలా పైకి పాకించమన్నాడు. రోజూ పాతికసార్లు. నొప్పి వచ్చేదాకా కాదు, నొప్పి రాబోయేదాకా. దాలమ్మ ఇంకో పది ప్రశ్నలడిగింది. వెనకున్న రోగులు గొణుగుతుంటే జయశ్రీ చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

తీరా ఇంటికొచ్చి గోడ ముందు నిలబడితే, నాలుగు జానలు పాకేసరికి తాటాకు. గోడ అయిపోయింది. కోపమొచ్చింది అప్పుడే.

పెరట్లో కొబ్బరిచెట్టు మీద పాకించి చూసింది. మగడి చెల్లెలు చిన్నతల్లి దడి పక్కనుంచి అటు వెళ్తూ ఆగింది. ఆవిడకి ఎవరినైనా ఒక మాట అననిదే పొద్దెక్కదు.

"ఏటి వదినా, కల్లు గీత్తన్నావేటి? మా అన్నయ్యకేనా, మాక్కూడా ఓ ముంత పోత్తావా?"

"ముందు నీ నోట్లో పోత్తాను. ఊరుకుంటాదేమో."

నవ్వుకున్నారు గానీ, చెట్టు గరుకుకి వేళ్లు గీసుకుపోయాయి. పొద్దున ఎనిమిది దాటితే ఇసక కాలుతోంది, నిలబడడానికి లేదు. ఇక ఆ ఊళ్లో నిలువెత్తు గోడంటూ ఉన్నది ఒక్కటే, తుఫాను మేడ. సిమెంటు స్తంభాల మీద కట్టిన పెద్ద గది. గాలివానొస్తే ఊరంతా ఎక్కుతుంది, మిగతా కాలమంతా తాళమేసి ఉంటుంది. తాళంచెవి సర్పంచి తారకేశ్వరరావు దగ్గర.

జయశ్రీ వెళ్లి అడిగింది. ఒక్క దాలమ్మకే కాదు, మోకాళ్లు పట్టేసినవాళ్లు, నడుములు వంగిపోయినవాళ్లు ఊళ్లో పదిమంది ఉన్నారు, పొద్దున గంటన్నర మేడ మీద చేతులూ కాళ్లూ కదిలిస్తే వాళ్లకే మంచిది అంది. సర్పంచి తాళంచెవి ఇచ్చి, "మెట్లెక్కేటప్పుడు పడిపోతే నన్నడక్కండి," అన్నాడు.

శివరాత్రి వెళ్లిన మూడో రోజు, మంగళవారం, మొదలుపెట్టారు. ఆ పొద్దున కాస్త మబ్బు పట్టింది. దాలమ్మ, ఆవిడ మగడు గున్నయ్య, చిన్నతల్లి, ఆవిడ మగడు పోలయ్య, ఇంకో నలుగురు ముసలివాళ్లు చాపలు చంకన పెట్టుకుని, నీళ్లబిందె పట్టుకుని మెట్లెక్కారు. పోలయ్య మోకాళ్లు మెట్టు మెట్టుకీ కిర్రుమంటున్నాయి. పైకి వెళ్లాక చూస్తే, చిన్నతల్లి చంకలో బట్టల మూట, కొంగున రేషను కార్డు, చేతిలో బుట్ట, బుట్టలో కోడిపెట్ట.

"కోడినెందుకు తెచ్చేవే?" అంది దాలమ్మ నోరు తెరిచి.

"మేడెక్కుతూ కోడినొగ్గీసి వత్తానేటి? కిందటిపాలి ఒగ్గీసొత్తే ఏటయినాదో మరిసిపోనావా?"

అలవాటు అది. ఆ ఊళ్లో ఎవరూ ఊరికే ఆ మేడ ఎక్కి ఎరగరు. ఎక్కారంటే మూటతోనే.

జయశ్రీ అందరినీ గోడకెదురుగా వరసగా నిలబెట్టి, రెండు చేతులూ ఎంత లేస్తే అంత పైకి లేపమంది. ఆ సమయానికి కింద కుళాయి దగ్గర ఏం జరుగుతోందో పైనున్నవాళ్లకి తెలియదు. మబ్బు పట్టిన రోజున చిన్నతల్లి మూటతోనూ కోడితోనూ మేడెక్కడం నీళ్లకొచ్చిన ఇద్దరు చూశారు. ఒకరు 'తుఫానేమో' అన్నారు, రెండోవారు 'తుఫానే' అన్నారు. ఆ మాట ఒడ్డుకి చేరేసరికి ఎవరో గెడకి ఎర్రగుడ్డ కట్టి ఊపుతున్నారు. సముద్రం మీదున్న తెప్పలన్నీ వలలు సగంలో లాగేసుకుని తిరిగాయి.

మేడ మెట్ల మీద ధనధనమని అడుగుల చప్పుడైతే దాలమ్మ తల తిప్పి చూసింది. పిల్లలు, మూటలు, మేకలు, పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నెలు. ముందుగా వచ్చినవాళ్లకి ఎనమండుగురు ముసలివాళ్లు గోడకేసి చేతులెత్తి నిలబడి కనిపించారు. దేవుడికి మొక్కుతున్నారనుకుని వాళ్లూ చేతులెత్తి ఘొల్లుమన్నారు.

"ఓలమ్మో! ఏటయినాదర్రా?" అని దాలమ్మ.

"నువ్వే సెప్పాల! ఎంత దూరంలో ఉన్నాదంట?"

"ఏటి?"

"తుఫాను!"

నిజం తెలిసేసరికి అరగంట పట్టింది. అప్పటికి తెప్పలు ఒడ్డెక్కేశాయి. అందరికన్నా కోపం ధనరాజుకి. దాలమ్మకి మేనల్లుడి వరస, ఊళ్లో పెద్ద తెప్ప అతనిదే. చేతికొచ్చిన కవళ్ల చేపల గుంపును వదిలేసి వచ్చానని ఒడ్డు మీద గంతులేశాడు. మధ్యాహ్నానికి సర్పంచి మనిషిని పంపి తాళంచెవి తీసేసుకున్నాడు.

"నీ కోడి ఊరిని ముంచీసినాది," అన్నాడు పోలయ్య పెళ్లాంతో.

"నీ మోకాల్ల సప్పుడికే ఉరుమనుకున్నారు," అంది చిన్నతల్లి.

దాలమ్మ నవ్వలేదు. సంబరం ఆరు వారాలే ఉంది. ఆ రోజు గోడ మీద ఆవిడ వేళ్లు గడ్డం ఎత్తుదాకా పాకాయి.

మూడు రోజులు చూసి సర్పంచి అరుగు మీదకి వెళ్లి కూర్చుంది.

"మీరెక్కితే ఊరు ఎక్కుతాది దాలమ్మా," అన్నాడాయన. "తెప్పలోల్లు నన్ను తినేస్తారు. వాళ్లొప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

మర్నాడు పొద్దున తెప్పలు ఒడ్డుకి వచ్చే వేళకి ఒడ్డున నిలబడింది. ధనరాజు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఒరే ధనరాజూ, మీ అత్తతో మాటాడవేట్రా?"

"మాటాడితే మల్లీ తుఫానొత్తాదేమోనని బయమత్తా."

పక్కవాళ్లు నవ్వారు. దాలమ్మ నవ్వనిచ్చింది. తరవాత కుడిచేయి ఎత్తి చూపించింది. ఛాతీదాకా వచ్చి ఆగింది.

"ఇదిగో, ఇంతే లెగుత్తాది. సంబరానికి కుండ ఎత్తాల. మా ఇంట్లో గోడ నేదు. ఆ మేడ తప్ప ఊల్లో నాకు సాలినంత గోడ నేదు. మరేటి సెయ్యమంటావో నువ్వే సెప్పు."

ధనరాజు వల మడత పెట్టాడు. "ఎక్కడం తప్పనను," అన్నాడు చివరికి. "ఎందుకెక్కినారో మాకు సంద్రం మీంచి తెలాలి కదా. ఎర్రగుడ్డంటే తుఫాను. మీ ముసిలోల్లకి ఇంకేదైనా గుడ్డ కట్టండి. అది సూత్తే మేం మా పని సూసుకుంటాం."

"నా పచ్చలుంగీ ఉన్నాది," అన్నాడు వెనకనుంచి గున్నయ్య. పెళ్లాం ఎక్కడికెళ్లిందో చూద్దామని వచ్చాడు.

సర్పంచి తాళంచెవి తిరిగి ఇచ్చాడు, ఇక మర్నాటినుంచి మేడ పిట్టగోడకి గున్నయ్య పచ్చలుంగీ ఎగిరింది. ఏడు కొట్టగానే ఎగిరేది, ఎనిమిదిన్నరకి దిగేది. చిన్నతల్లి కోడిని ఇంట్లోనే ఉంచి రావాలని పోలయ్య షరతు పెట్టాడు, ఆవిడ మూట మాత్రం మానలేదు.

పైన కిటికీలు తెరిస్తే దక్షిణపు గాలి నేరుగా వచ్చి వీపు నిమిరేది. మంగళవారాలు జయశ్రీ చేయించేది, మిగతా రోజుల్లో వాళ్లే. ముందు పీతపాకుడు. తరవాత బెంచీ మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం. పోలయ్య మొదటివారం రెండుసార్లు లేచేవాడు. మూడోవారానికి పన్నెండు లేచి, పదమూడోది ఎవరూ చూడలేదని దెబ్బలాడాడు. గున్నయ్య పైకప్పు కొక్కానికి వలతాడు వేలాడదీసి రెండు కొసలకీ వలకి కట్టే బెండ్లు కట్టాడు. మంచి చేత్తో ఒక కొస కిందికి లాగితే బిగిసిన చేయి రెండో కొసతో పైకి లేస్తుంది. ఒకరు లాగుతుంటే మిగతావాళ్లు వలలాగే పాటకి కూతలు పెట్టేవాళ్లు. చుట్టూ కూర్చుని ఇంకో బెండు ఒకరి మీదికొకరు విసురుకునేవాళ్లు, పట్టుకోలేనివాళ్లు ఆ పొద్దు ఒక సంగతి చెప్పాలి. ఆ నియమం దాలమ్మ పెట్టిందే. ఆ విధంగా ముప్పై ఏళ్లుగా తనకి తెలియని సంగతులు నాలుగు తెలిశాయి. అన్నిటికన్నా వింత, పోలయ్యకి చిన్నప్పటినుంచీ నీళ్లంటే భయమట. యాభై ఏళ్లు తెప్ప మీద ఎలా వెళ్లావన్నయ్యా అని అడిగితే, "ఒడ్డునుంటే మీ వదిన ఉంటాది కదమ్మా," అన్నాడు. ఆ వదినంటే అక్కడే కూర్చున్న చిన్నతల్లే.

చివర అరగంట ఆట. నేలమీద సుద్దతో గళ్లు గీసి గవ్వలతో అష్టాచెమ్మా. బావమరుదులిద్దరూ పులీమేకకి కూర్చుంటే లేపడం కష్టమయ్యేది.

దాలమ్మ వేలు ఎంత ఎత్తు పాకిందో గున్నయ్య రోజూ బొగ్గుతో గీత పెట్టేవాడు. ఒకనాడు గీత వేలికన్నా రెండంగుళాలు పైన పడింది.

"మావా, నా ఏలెక్కడున్నాదో నాకు తెలీదనుకున్నావేటి?"

"గోడ వంకరుంటాదే."

"గోడ కాదు, నువ్వే." కాని ఆ పూట ఆవిడకి కోపం రాలేదు. గీత చెరిపి సరైనచోట పెట్టమంది, అంతే.

గడ్డం, ముక్కు, కళ్లు దాటి గీత బొట్టు ఎత్తుకి చేరింది. కొప్పు తనే ముడుచుకుంటోంది, కాస్త పక్కకి వాలినా. ఉగాదికి కూడా గీత బొట్టు దగ్గరే ఉంది. ఉగాది వెళ్లిన మూడు రోజులకీ అక్కడే ఉంది. సంబరం పది రోజులు. ఆ సాయంత్రం ఇంట్లో ఖాళీకుండ ఎత్తి చూసుకుంది. బొట్టు ఎత్తుకి వచ్చి మోచేయి నిలిచిపోయింది. కుండ తలమీదికి వెళ్లాలంటే ఇంకో జానెడు కావాలి. తిరుమల చూస్తూ గుమ్మంలో నిలబడింది. లోపలికి వెళ్లి తన నెత్తి మీద చెంబు పెట్టుకుని రెండడుగులు నడిచి చూసుకుంది. దాలమ్మ అది చూసింది.

మర్నాడు మేడ మీద గోడ ముందు నిలబడకుండా బెంచీ మీద కూర్చుంది.

"ఏటి వదినా, పీత సచ్చిపోయిందేటి?" అంది చిన్నతల్లి.

దాలమ్మ నిన్నటి ఖాళీకుండ సంగతి చెప్పింది. చిన్నతల్లి మాట మింగేసి పక్కన కూర్చుంది. అది విని, పోలయ్య పులీమేక వదిలి లేచి వచ్చాడు.

"సెల్లెమ్మా, తెప్పదుంగ ఒక్కపాలే భుజానికెత్తుతామా? ముందు మోకాలు మీదకి, తరవాత నడుం మీదకి. భుజమే కిందికెల్తాది దుంగ దగ్గిరికి. ఆనక లెగుత్తాం. లేపేది సెయ్యి కాదు, కాలు."

"అయితే?"

"సెయ్యి తలదాకా రాపోతే, తలే సెయ్యికాడికి రావాల. ఒక మోకాలు నేలకి ఆనించు. కుండ తొడ మీద పెట్టుకో. మెడ వంచి నెత్తికెక్కించుకో. ఆనక లెగు."

"కూకున్నదాన్ని కుండతో లెగగలనేటి?"

"పదిహేనుపాల్లు లెగుత్తన్నావు బెంచీ మీంచి! నానే లెక్కెట్టినాను. నన్ను పన్నెండుకే ఆపీసినారు గానీ!"

ఎవరూ అంతవరకూ ఆ సంగతి ఆలోచించలేదు. అందరి కళ్లూ ఆవిడ భుజం మీదే ఉన్నాయి, ఆ నెలరోజుల్లో ఆవిడ కాళ్లకి ఎంత బలం వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆవిడ కూడా చూసుకోలేదు. ఆ రోజే ఇసక పోసిన కుండతో మొదలుపెట్టారు. మొదటిరోజు కుండ చేయి జారి పగిలింది. రెండో కుండా పగిలింది. మంగళవారం జయశ్రీ వచ్చి, నడుం నిటారుగా ఉంచమని, ఊపిరి బిగబట్టొద్దని చెప్పి, సగం ఇసకే పోయించింది. మూడో కుండ నిలిచింది.

చైత్ర పున్నమి రోజున గుమ్మం ముందు ముగ్గు మధ్యన ముర్రాట పెట్టారు. డప్పులవాళ్లు వచ్చి నిలబడ్డారు. వీధి అంతా నిలబడింది. పసుపు పూసుకున్న కాళ్లతో దాలమ్మ కుండ ముందుకొచ్చి, కుడి మోకాలు నేలకానించింది. చుట్టుపక్కల గుసగుసలు మొదలయ్యాయి. కూలబడిందేమో అనుకుని ఒకావిడ 'అయ్యో' అంది. తిరుమల చేతులు నలుపుకుంటోంది.

కుండ తొడ మీదికొచ్చింది. ఛాతీకి ఆనింది. మెడ వంగింది, నెత్తి మీది చుట్టకుదురు కుండ అడుక్కి తగిలింది. కుడిచేయి బొట్టుదాకా వచ్చి ఆగింది, అక్కడినుంచి ఎడమచేయి నెట్టింది. పసుపునీళ్లు కాసిని మొహమ్మీద కారాయి. కళ్లు మూసుకుని ఉండిపోయింది.

"లెగు సెల్లెమ్మా!" అని పోలయ్య అరిచాడు.

లేచింది. డప్పులు ఒక్కసారి మోగాయి.

గుడి అరకిలోమీటరు. ఇసకలో నడక ఆవిడకి లెక్క కాదు. చిక్కు గుడి దగ్గర వచ్చింది. మిగతా ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే కుండలు దించి అమ్మవారి ముందు పెడుతున్నారు. దాలమ్మ వంతు వచ్చింది. దించుదామంటే కుడిచేయి కుండ అంచున బిగుసుకుపోయింది. మోకాలు నేలకానించి కిందికి దిగడం మేడ మీద ఎవరూ చేయలేదు. రోజూ కుండను పోలయ్యో గున్నయ్యో దించేవాళ్లు. ఎక్కించుకోవడం ఒక్కటే నేర్చుకున్నారు. దింపుడు సంగతి ఎవరికీ గుర్తేలేదు.

"ఒలే తిరుమలా," అంది మెల్లిగా, పెదవులు కదలకుండా. "దించు."

తిరుమల ముందుకొచ్చి కుండ దించింది. వెనకనుంచి ఒకావిడ, "సేయి సాయం పట్టీసినాది. కుండ కోడలికెల్లిపోనాది," అంది.

చిన్నతల్లి చటుక్కున తిరిగింది. ఇంతకాలం ఊరినంతా వేళాకోళం చేసిన నోరది, ఆ పూట ఒక మంచిపనికి పనికొచ్చింది.

"ఎత్తడానికి కట్టుబాటున్నాది. దించడానికి కట్టుబాటెక్కడున్నాదో సూపించు! మీ అత్త దించినప్పుడు మీ మావ పట్టుకోనేదేటి? నాను సూడలేదనుకున్నావా?"

ఆవిడ కొంగు సర్దుకుని వెనక్కి జరిగింది. గుడి పెద్ద ఒకసారి దాలమ్మ వంక, ఒకసారి కుండ వంక చూసి, నీళ్లు అమ్మవారి మీద పోయమన్నాడు. దాలమ్మ పోసింది, ఎడమచేత్తో ఎక్కువ, కుడిచేత్తో తక్కువ.

తరవాత గుడి గోడ నీడన కాళ్లు చాపుకుని కూర్చుంది. తిరుమల భుజం నొక్కుతూ, "మూడేల్లకి మల్లీ నువ్వే ఎత్తాలత్తా," అంది.

"ఎత్తుతాను. అప్పటికి దింపుడు కూడా నేర్సుకోవాల," అంది దాలమ్మ. "మంగలారం ఎప్పుడే?"

"ఇయ్యాలే మంగలారం. సంబరమని నర్సమ్మ వొచ్చే మంగలారానికొస్తానంది."

"అందాకా ఎందుకు? రేపు మేడెక్కి నాలుగు కుండలు పగలగొట్టి సూద్దాం," అంది దాలమ్మ, నొప్పి చేతిని ఒళ్లో పెట్టుకుని.